ఎంజీఎం సింహం ఒకరిది, సినిమాలు ఇంకొకరివి: వందేళ్ల స్టూడియో ఆస్తి ఎలా ముక్కలైంది?

క్లుప్తంగా: ఎంజీఎం అనే పేరు, గర్జించే సింహం, జేమ్స్ బాండ్, రాకీ సినిమాలు అమెజాన్ దగ్గరున్నాయి. 1986కి ముందు ఎంజీఎం సొంతంగా తీసిన సినిమాలు, టామ్ అండ్ జెర్రీతో సహా, వార్నర్ బ్రదర్స్‌వి. ఆ సినిమాలు తీసిన స్థలం సోనీది. లాస్ వెగాస్‌లో ఎంజీఎం బోర్డుతో కనిపించే కాసినోలు వీళ్లెవరివీ కావు. సినిమా వ్యాపారంలో డబ్బు ముందు థియేటర్లో, తర్వాత భూముల్లో, ఆ తర్వాత పాత సినిమాల హక్కుల్లో పోగుపడుతూ రావడం వల్లే ఈ పంపకం ఇలా జరిగింది.

2022 మార్చిలో అమెజాన్ 845 కోట్ల డాలర్లు పెట్టి ఎంజీఎంని కొనుక్కుంది. నాలుగు వేలకు పైగా సినిమాలు, పదిహేడు వేల టీవీ ఎపిసోడ్లు చేతికొచ్చాయని అప్పట్లో ప్రకటించింది. ఇంకేముంది, "గాన్ విత్ ద విండ్", "ద విజర్డ్ ఆఫ్ ఓజ్", "సింగిన్ ఇన్ ద రెయిన్" అన్నీ ప్రైమ్ వీడియోకి సొంతమైనట్టేనని చాలామంది అనుకున్నారు. అలా కాలేదు. ఆ మూడింటి మీదా అమెజాన్‌కి హక్కులు లేవు. 2024లో ఎంజీఎంకి వందేళ్లు నిండినప్పుడు పండగ చేసుకోవడానికి పేరు ఒకచోట, ఆ పేరు తెచ్చిన సినిమాలు ఇంకోచోట ఉన్నాయి.

(వరంగల్ వైపు ఎంజీఎం అంటే ముందు ఆసుపత్రే గుర్తొస్తుంది. ఇక్కడ చెబుతున్నది మెట్రో గోల్డ్విన్ మేయర్ గురించి.)

ఉమ్మడి ఆస్తి పంపకాల్లో ఇంటిపేరు ఒకరికి, పొలం ఒకరికి, బీరువాలోని నగలు ఇంకొకరికి పోయినట్టు జరిగింది ఈ స్టూడియోకి. ఎందుకలా జరిగిందో తెలియాలంటే వీళ్లకి మొదట్లో డబ్బు ఎక్కణ్నుంచి వచ్చేదో చూడాలి.

సినిమా తీసింది థియేటర్ నింపడానికి

మార్కస్ లోవ్ న్యూయార్క్‌లో థియేటర్ల వ్యాపారి. ఆయన థియేటర్లకి వారం వారం కొత్త బొమ్మ కావాలి, వేరేవాళ్ల దయ మీద ఆధారపడితే కష్టం. అందుకని 1920లో మెట్రో పిక్చర్స్ కొన్నాడు, 1924లో గోల్డ్విన్ పిక్చర్స్ కొన్నాడు, నడిపే మనిషి కోసం లూయీ బి. మేయర్ చిన్న కంపెనీని కూడా కలిపేశాడు. ఆ ఏడాది ఏప్రిల్లో మూడు పేర్లతో కొత్త స్టూడియో మొదలైంది. ఇందులో తమాషా ఏంటంటే, పేరులో ఉన్న శామ్యూల్ గోల్డ్విన్ ఎంజీఎంలో ఒక్కరోజు కూడా పనిచేయలేదు, అప్పటికే ఆయన్ని సొంత కంపెనీ నుంచి బయటికి పంపేశారు. సింహం గుర్తు కూడా గోల్డ్విన్ కంపెనీ నుంచి వచ్చిందే.

సినిమాలు తీసేది లాస్ ఏంజెలెస్ పక్కనున్న కల్వర్ సిటీలో. డబ్బు లెక్కలు చూసే యజమానులు మాత్రం న్యూయార్క్‌లో, లోవ్ కంపెనీ అయిన లోవ్స్ ఆఫీసులో. 1927లో లోవ్ చనిపోయాక ఆ కుర్చీ నికొలస్ స్కెంక్‌ది. హాలీవుడ్ మొత్తానికీ రాజులా కనిపించిన మేయర్ కూడా నిజానికి జీతగాడే. కాకపోతే 1930ల చివర్లో అమెరికాలోనే అందరికంటే ఎక్కువ జీతం తీసుకున్న అధికారి, ఏడాదికి పది లక్షల డాలర్లకు పైనే.

పోటీ స్టూడియో పారమౌంట్‌కి వెయ్యికి పైగా థియేటర్లుంటే లోవ్స్‌కి అంతకన్నా బాగా తక్కువ. ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు ఈ తక్కువే కాపాడింది. అప్పులు చేసి థియేటర్లు కొనుక్కుంటూ పోయిన పారమౌంట్, ఇంకో స్టూడియో ఆర్‌కేఓ 1933లో అప్పులు తీర్చలేక కోర్టు నియమించిన రిసీవర్ల చేతికి వెళ్లాయి. ఎంజీఎం లాభాల్లోనే ఉంది. స్టార్లు, సెట్లు, బట్టల మీద మిగతావాళ్ల కంటే ఎక్కువ ఖర్చు పెట్టగలగడానికి అసలు కారణం ఇది. అంత మంచి సినిమాలు తీయడానికి మేయర్ అభిరుచే కారణమని రాసేవాళ్లుంటారు కానీ, లోవ్స్ బ్యాలెన్స్ షీటు ఇంకాస్త నిజం చెబుతుంది.

మన దగ్గరకీ వచ్చారు వీళ్లు. కలకత్తాలో 1935లో, బొంబాయిలో 1938లో తెరిచిన మెట్రో థియేటర్లు ఎంజీఎం కట్టించినవే. సినిమా తీసేవాడి చేతిలోనే తెర కూడా ఉండాలన్న అదే లెక్క.

నెలజీతం మీద స్టార్లు

"ఆకాశంలో కంటే మా దగ్గరే తారలెక్కువ" అని ఎంజీఎం చెప్పుకునేది. ఆ తారలందరూ కాంట్రాక్టు ఉద్యోగులు. మామూలుగా ఏడేళ్ల ఒప్పందం. కొనసాగించాలా వద్దా అనేది మధ్యమధ్యలో తేల్చుకునే హక్కు కంపెనీకే, నటులకి లేదు. ఇచ్చిన పాత్ర వద్దంటే జీతం లేకుండా సస్పెన్షన్, పైగా ఆ సస్పెన్షన్ రోజుల్ని ఒప్పందం చివర్లో కలిపేవాళ్లు, అంటే ఏడేళ్లు ఎప్పటికీ తీరేవి కావు. వార్నర్ బ్రదర్స్ మీద ఒలీవియా డి హావిలాండ్ కోర్టుకెళ్లి 1944లో గెలిచాకే ఆ పద్ధతికి అడ్డుకట్ట పడింది.

మద్రాసులో విజయా వాళ్లు ఎన్టీఆర్‌ని నెలజీతం మీద ఒప్పందానికి తీసుకున్న సంగతి తెలుగువాళ్లకి తెలిసిందే. స్టూడియో ఫ్లోర్లు, టెక్నీషియన్లు, నటులు అందరూ ఒకే కాంపౌండ్‌లో ఉంటే షూటింగ్ ఆగదు, ఖర్చు అదుపులో ఉంటుంది. కల్వర్ సిటీలో ఇదే పద్ధతి చాలా పెద్ద ఎత్తున నడిచింది. లోపలే పిల్లనటులకి బడి ఉండేది, జూడీ గార్లండ్, మిక్కీ రూనీ, ఎలిజబెత్ టేలర్ అక్కడే చదువుకున్నారు. క్యాంటీన్‌లో మేయర్ వాళ్లమ్మ వంటకం ప్రకారం చికెన్ సూప్ పెట్టేవాళ్లు. ప్రొడక్షన్ చూసిన అర్వింగ్ థాల్బర్గ్ సినిమాని ముందే జనానికి వేసి చూపించి, వాళ్లకి నచ్చని సీన్లు మళ్లీ తీయించేవాడు. సెట్టూ నటులూ నెలజీతం మీదే ఉన్నారు కాబట్టి రీషూట్ పెద్ద భారం కాదు. అదే ఈరోజు చేయాలంటే స్టార్ల డేట్ల కోసం నెలల తరబడి ఎదురుచూడాలి.

ఈ వ్యవస్థకి ఇంకో ముఖం ఉంది, వందేళ్ల పండగల్లో దాన్ని ఎక్కువగా చూపించరు. బరువు తగ్గడానికని, మేలుకుని ఉండడానికని చిన్న వయసులోనే తనకి మాత్రలు ఇచ్చేవారని గార్లండ్ తర్వాత స్వయంగా చెప్పింది. 1942లో ఒప్పందం చేసుకున్న నల్లజాతి గాయని లీనా హోర్న్‌కి చాలా సినిమాల్లో కథతో సంబంధం లేకుండా ఒక పాట మాత్రమే ఇచ్చేవాళ్లు. దక్షిణ రాష్ట్రాల్లో థియేటర్లవాళ్లు వద్దంటే ఆ ముక్క కత్తిరించేస్తే చాలు, కథ ఎక్కడా తెగదు. అంటే వివక్ష అక్కడ ఎడిటింగ్ స్థాయిలోనే, ముందే ప్లాన్ చేసి పెట్టిన సదుపాయం.

1948లో ఏం మారింది

ఆ ఏడాది మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో తీర్పు ఇచ్చింది. సినిమా తీసేవాళ్లే థియేటర్లు కూడా గుప్పిట్లో పెట్టుకుని పోటీని చంపేస్తున్నారన్న కేసు అది. ఒక మంచి సినిమా కావాలంటే దాంతోపాటు నాలుగు నాసిరకం సినిమాలు కూడా వేయాలని థియేటర్ల మీద పెట్టే షరతు కూడా చెల్లదన్నారు. పెద్ద కంపెనీలన్నీ థియేటర్ల వ్యాపారాన్ని విడగొట్టుకోవాల్సి వచ్చింది. లోవ్స్ అన్నిటికంటే ఎక్కువ సాగదీసి 1959లో ఆ పని పూర్తి చేసింది. తెలుగు రాష్ట్రాల్లో థియేటర్ల లీజులు కొద్దిమంది చేతుల్లోనే ఉన్నాయంటూ అప్పుడప్పుడూ రేగే గొడవ వినేవాళ్లకి ఈ కేసు అర్థం కావడం కష్టమేం కాదు.

తెర చేజారితే, వారం వారం ఒక సినిమా చొప్పున తీయాల్సిన అవసరం పోతుంది. ఆ అవసరం పోతే వేలమందిని ఏడాది పొడుగునా జీతం మీద పోషించడం దండగ. అదే సమయానికి టీవీ వచ్చింది. మేయర్ని 1951లో సాగనంపారు. 1957లో కార్టూన్ విభాగం మూసేశారు, టామ్ అండ్ జెర్రీకి ఏడు ఆస్కార్లు వచ్చినా సరే. 1959లో దాదాపు కోటిన్నర డాలర్లు పెట్టి తీసిన "బెన్ హర్" పదకొండు ఆస్కార్లతో కంపెనీని గట్టెక్కించింది. అయితే పెద్ద జూదం ఆడితేనే బతుకుతామన్న అలవాటు కూడా అప్పుడే మొదలైంది. తర్వాత ఆడిన జూదాల్లో చాలావరకు పోయాయి.

దిబ్బలో కలిసిన పాటలు

1969లో కర్క్ కెర్కోరియన్ అనే పెట్టుబడిదారుడు కంపెనీని చేజిక్కించుకున్నాడు. ఆయన దృష్టిలో ఎంజీఎం అంటే బాగా రేటు పలికే భూమి, జనం నోట్లో నానే పేరు. 1970 మేలో సెట్ సామాన్లు, బట్టలు వేలానికి పెట్టారు. ఓజ్ సినిమాలో జూడీ గార్లండ్ వేసుకున్న ఎర్ర చెప్పుల జత 15,000 డాలర్లు పలికింది. అదే సినిమాకి వాడిన ఇంకో జత 2024 డిసెంబర్‌లో ఫీజులతో కలిపి 3.25 కోట్ల డాలర్లకి పోయింది. బయటి సెట్లున్న స్థలాలు ఇళ్ల నిర్మాణానికి అమ్మేశారు. 1973లో సినిమాల పంపిణీ ఆపేశారు, ఆ ఏడాదే లాస్ వెగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ తెరుచుకుంది. పాత హిట్ సినిమా "గ్రాండ్ హోటల్" పేరు కాసినోకి బోర్డైంది. కాసినోల కంపెనీ వేరుపడింది, ఇప్పటికీ వేరే.

అన్నిటికంటే పిచ్చి పని సంగీతం విషయంలో జరిగింది. మ్యూజికల్స్‌కి ఆర్కెస్ట్రా వాయించిన నొటేషన్ కాగితాలు, ఏ వాద్యం ఎక్కడ ఏం వాయించాలో రాసినవి, గదులు ఖాళీ చేయాలని చెత్తదిబ్బకి తోలేశారు. దశాబ్దాల తర్వాత బ్రిటిష్ కండక్టర్ జాన్ విల్సన్ సినిమా సౌండ్‌ట్రాక్‌లు మళ్లీ మళ్లీ విని, చెవితో పట్టుకుని, ఒక్కో వాద్యం వరసా తిరిగి రాసుకుని 2009లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించాడు. ఆ కచేరీకి వచ్చిన పేరు చూస్తే పారేసినదాని విలువెంతో తెలుస్తుంది.

విచిత్రం ఏంటంటే ఫిల్ము విషయంలో మాత్రం ఈ కంపెనీ మిగతావాళ్ల కంటే జాగ్రత్తగా ఉంది. పాత నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే ఆరదు. 1960ల మధ్యలో స్టూడియోలోనే ఫిల్ములు దాచే వాల్ట్ ఒకటి కాలిపోయి కొన్ని మూకీ సినిమాలు శాశ్వతంగా పోయాయి. అయినా రోజర్ మేయర్ అనే అధికారి (లూయీ మేయర్‌కి చుట్టం కాదు) నైట్రేట్ నెగటివ్‌లని తేలిగ్గా అంటుకోని సేఫ్టీ ఫిల్ముకి మార్పించే పని ఏళ్ల తరబడి చేయించాడు. ఈరోజు ఎంజీఎం పాత సినిమాలు అద్దంలా కనిపిస్తున్నాయంటే స్టార్ల కంటే ముందు ఆయనకి దణ్ణం పెట్టాలి. 1974లో పాత పాటల ముక్కలన్నీ కలిపి "దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్" పేరుతో వదిలితే బాగా ఆడింది. బీరువాలో మూలుగుతున్న సరుకుకి గిరాకీ ఉందని కంపెనీకి తెలిసొచ్చింది, కానీ అప్పటికే సెట్లూ పోయాయి, స్థలాలూ పోయాయి.

టర్నర్ కొన్నదేంటి, ఉంచుకున్నదేంటి

గందరగోళానికి అసలు మూలం 1986. అంతకు అయిదేళ్ల ముందు, అంటే 1981లో, ఎంజీఎం యునైటెడ్ ఆర్టిస్ట్స్‌ని కొన్నది. బాండ్, రాకీ ఆ కంపెనీ సినిమాలు. 1986లో అట్లాంటా టీవీ వ్యాపారి టెడ్ టర్నర్ ఈ మొత్తాన్నీ దాదాపు 150 కోట్ల డాలర్లకి కొన్నాడు, అప్పు మోయలేక కొన్ని నెలల్లోనే ముక్కలుగా అమ్మేశాడు. యునైటెడ్ ఆర్టిస్ట్స్, ఎంజీఎం పేరు, సింహం తిరిగి కెర్కోరియన్‌కే. కల్వర్ సిటీ స్థలం లోరిమార్ కంపెనీకి, అక్కణ్నుంచి వార్నర్ మీదుగా చివరికి సోనీకి. టర్నర్ తన దగ్గర ఉంచుకున్నది పాత సినిమాల లైబ్రరీ, అందులో ఎంజీఎంవే రెండు వేలకు పైన.

అప్పట్లో వాల్ స్ట్రీట్ నవ్వింది. పేరు వదిలేసి పాత రీళ్లు ఉంచుకోవడమేంటని. టర్నర్ లెక్క వేరు. చానెల్‌కి రోజుకి ఇరవై నాలుగ్గంటలు ఏదో ఒకటి వేయాలి, సొంత సినిమా ఎన్నిసార్లు వేసినా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. ఆ లైబ్రరీ మీదే 1988లో టీఎన్‌టీ, 1992లో కార్టూన్ నెట్‌వర్క్, 1994లో టర్నర్ క్లాసిక్ మూవీస్ నిలబడ్డాయి. బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి కంప్యూటర్లతో రంగులు పూయించినందుకు దర్శకులు తిట్టిపోశారు, అది వేరే కథ.

1990లలో కేబుల్ టీవీ చూస్తూ పెరిగిన తెలుగు పిల్లలు ఈ ఒప్పందం ఫలితాన్ని కళ్లారా చూశారు. పగలంతా కార్టూన్ నెట్‌వర్క్‌లో టామ్ అండ్ జెర్రీ, రాత్రయ్యేసరికి అదే చానెల్ టీఎన్‌టీగా మారిపోయి అర్థంకాని పాత ఇంగ్లీషు సినిమాలు. ఎందుకలా తగలేశారని అప్పుడు విసుక్కున్నవాళ్లకి ఇప్పుడు సమాధానం దొరుకుతుంది: రెండూ ఒకే లైబ్రరీలోవి.

1996లో టర్నర్ కంపెనీ టైమ్ వార్నర్‌లో కలిసింది. అలా ఎంజీఎం పాత సినిమాలు వార్నర్ బ్రదర్స్ చేతికొచ్చాయి. ఇందులో ఇంకో మెలిక ఉంది. వార్నర్ వాళ్లు 1950కి ముందు తీసిన తమ సినిమాల్ని 1956లో అమ్ముకున్నారు. అవి చేతులు మారి యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కి, అక్కణ్నుంచి ఎంజీఎంకి, ఆపైన టర్నర్‌కి చేరాయి. నలభై ఏళ్ల తర్వాత "కాసాబ్లాంకా" ఇలా చుట్టూ తిరిగి సొంతింటికి వచ్చింది, వస్తూ వస్తూ పోటీ స్టూడియో ఆస్తినంతా వెంటబెట్టుకొచ్చింది.

పేరు మాత్రం మిగిలిన ఎంజీఎం కథ ఆ తర్వాత వేగంగా చెప్పుకోవచ్చు. 1990లో ఇటాలియన్ వ్యాపారి జాంకార్లో పరేత్తి బ్యాంకు అప్పుతో కొన్నాడు, అప్పిచ్చిన క్రెడీ లియొనే బ్యాంకు 1992లో లాక్కుంది, 1996లో మళ్లీ కెర్కోరియనే కొన్నాడు, 2005లో సోనీ బృందానికి అమ్మాడు, 2010లో దాదాపు 400 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా. ఈ మధ్యలో ఓరియన్ లాంటి కంపెనీల లైబ్రరీలు కొని చేర్చుకుంటూ వచ్చారు. అమెజాన్ లెక్కలోని నాలుగు వేల సినిమాలు చాలావరకు ఇలా సమకూరినవే.

చెప్పుల రంగు ఎవరిది

హక్కులు ఎంత దూరం పాకుతాయో చూడాలంటే ఆ ఎర్ర చెప్పుల దగ్గరికే వెళ్లాలి. ఓజ్ నవల 1900 నాటిది, దాని మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు, ఎవరైనా సినిమా తీసుకోవచ్చు. కానీ నవలలో చెప్పులు వెండివి. టెక్నికలర్ రంగుల ఫిల్ములో బాగా కనిపిస్తాయని 1939 సినిమావాళ్లు వాటిని ఎర్ర కెంపుల చెప్పులుగా మార్చారు, కాబట్టి ఆ ఎరుపు సినిమా హక్కుదారుది. 1985లో డిస్నీ తన ఓజ్ సినిమాలో ఎర్ర చెప్పులు చూపించడానికి డబ్బు కట్టాల్సి వచ్చింది. 2024లో యూనివర్సల్ ఓజ్ లోకం కథతోనే "వికెడ్" తీసినప్పుడు చెప్పులు వెండివే పెట్టారు.

ఇంత విలువైన ఆ సినిమా విడుదలైనప్పుడు నష్టమే తెచ్చింది. దాదాపు 28 లక్షల డాలర్లు ఖర్చైతే మొదటి విడుదలలో పది లక్షలకు పైగా పోయాయి. దాన్ని అందరి సినిమా చేసింది టీవీ. 1956లో సీబీఎస్ చానెల్ వేసింది, 1959 నుంచి దాదాపు ఏటా టీవీలో వస్తూ పోయింది. 2025 ఆగస్టు నుంచి లాస్ వెగాస్ స్ఫియర్ గుండ్రటి తెర మీద ఏఐతో విస్తరించి, 102 నిమిషాల సినిమాని సుమారు 75 నిమిషాలకి కుదించి వేస్తున్నారు. నష్టపోయిన బొమ్మ ఎనభై ఆరేళ్ల తర్వాత కూడా సంపాదిస్తోంది, ఆ డబ్బు తీసిన కంపెనీకి మాత్రం వెళ్లదు.

అమెరికా చట్టం ప్రకారం 1939 సినిమాలకి 95 ఏళ్ల కాపీరైట్, అంటే 2035 జనవరి 1న ఓజ్, "గాన్ విత్ ద విండ్" రెండూ అక్కడ అందరి సొత్తు అవుతాయి. ఎంజీఎంకి ఉత్తమ చిత్రం ఆస్కార్ తెచ్చిన మొదటి సినిమా, 1929 నాటి "ద బ్రాడ్‌వే మెలొడీ", 2025 మొదట్లోనే ఆ జాబితాలోకి వచ్చేసింది. ఇక ప్రతి జనవరికీ కొన్ని కొన్ని చొప్పున వార్నర్ చేతిలోంచి జారిపోతుంటాయి. అందుకే హక్కుదారులకి ఇప్పుడున్న తొందర: 4కె రీస్టోరేషన్లు, కొత్త వెర్షన్లు, బొమ్మలు, షోలు.

ఇక ముందు

అమెజాన్ వైపు చూస్తే, కొన్నది ప్రధానంగా బాండ్ కోసమేనని తేలిపోయింది. 2025 ఫిబ్రవరిలో బాండ్ సినిమాల నిర్మాతలైన బ్రకోలీ కుటుంబంతో కుదిరిన ఒప్పందంతో సృజనాత్మక నిర్ణయాలు కూడా అమెజాన్ ఎంజీఎం చేతికే వచ్చాయి. ఇంకో సంగతి: అమెజాన్ స్టూడియో ఆఫీసులున్నది కల్వర్ సిటీలోనే, ఒకప్పుడు నిర్మాత సెల్జ్నిక్ "గాన్ విత్ ద విండ్" తీసిన స్థలంలో. సినిమా తీసిన చోటు అమెజాన్ వాడుకుంటోంది, సినిమా వార్నర్‌ది. అక్కడికి దగ్గర్లోనే సోనీ తన స్టూడియోలో 2012లో పెద్ద ఇంద్రధనుస్సు శిల్పం పెట్టింది, ఇంద్రధనుస్సు పాటున్న ఓజ్ అక్కడే తీశారు కాబట్టి. సినిమా సోనీది కాదు, నేల మాత్రం సోనీదే.

వార్నర్ వైపు అనిశ్చితి ఎక్కువ. 2023 జూన్‌లో ఖర్చు తగ్గింపు పేరుతో టర్నర్ క్లాసిక్ మూవీస్‌లో పెద్ద ఉద్యోగుల్ని తీసేస్తే స్పీల్‌బర్గ్, స్కోర్సేసీ, పాల్ థామస్ ఆండర్సన్ కలిసి రంగంలోకి దిగాల్సి వచ్చింది. 2025 డిసెంబర్‌లో ఆ కంపెనీని కొనడానికి నెట్‌ఫ్లిక్స్, పారమౌంట్ పోటీపడ్డాయి. వార్నర్ ఎవరి చేతికి వెళ్తే ఎంజీఎం పాత సినిమాలు కూడా అటే వెళ్తాయి. అప్పుడు వాటి గతి ఆ కొనుగోలుదారుడి వ్యాపార పద్ధతిని బట్టి ఉంటుంది. చందాల మీద నడిచే ఓటీటీకి కొత్త చందాదారుణ్ని తెచ్చే సినిమా ముఖ్యం, 1932 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా సర్వర్‌లో ఉన్నా లేకపోయినా లెక్కలో తేడా రాదు. డిస్కులు అమ్మే, థియేటర్లకి అద్దెకిచ్చే సంస్థకైతే ప్రతి పాత టైటిలూ ఎంతో కొంత తెస్తుంది. వార్నర్ ఆర్కైవ్ అనే విభాగం ఇన్నాళ్లూ ఆ రెండో పనే చేస్తోంది.

1948 తీర్పు కింద వచ్చిన ఆంక్షల్ని 2020లో అమెరికా కోర్టు ఎత్తేసింది. సినిమా తీసేవాడూ, చూపించేవాడూ ఒకరే కావడం తప్పని అప్పుడన్నారు. ఇప్పుడు తీసేది, దాచేది, తెర మీద వేసేది, చూసేవాడి నుంచి నెలనెలా డబ్బు వసూలు చేసేది ఒకే యాప్. లోవ్ 1924లో వేసిన లెక్క ఇదే, కాకపోతే ఆయనకి ప్రేక్షకుడు రాత్రి పన్నెండింటికి ఏం చూస్తున్నాడో తెలిసేది కాదు.